బతికున్న మనిషికి పెట్టిన శోకాలు

రాఘవమ్మ మొగుడు బతికుండగానే శోకాలు పెట్టి ఏడ్చిందంటనీ, ఆ ఏడుపు ఇప్పుడు ఫోన్లో వస్తోందంటనీ పక్కింటావిడ పాలకేంద్రం దగ్గర అన్నదట. అన్నదో లేదో, విన్నవాళ్లు మాత్రం మధ్యాహ్నానికల్లా పొదిలికి ఫోన్ చేశారు. పొదిలిలో ఉండేది రాఘవమ్మ ఆడబిడ్డ వెంకటేశ్వరమ్మ.

దీనికంతటికీ మొదలు మనవరాలు అఖిల. సత్తెనపల్లిలో డిగ్రీ చదువుతోంది. పాత పాటలూ మాటలూ దాచిపెట్టే సంస్థ ఒకటి ఆదివారాలు ఆన్‌లైన్‌లో ప్రసంగాలు పెడుతుంది. ఆ వారం చావు ఇంట ఆడవాళ్లు పెట్టే శోకాల గురించి. మాట్లాడినాయన ఒక టేపులోంచి కొంచెం వినిపించి, భర్త పోయిన ఇంట్లో రికార్డు చేసింది అన్నాడు. ఊరి పేరూ రాఘవమ్మ పేరూ చెప్పాడు. అఖిల ఆ సంస్థ వెబ్‌సైట్‌లో టేపు వెతికి పట్టుకుని నాయనమ్మ ఇంటి వసారాలో గట్టిగా పెట్టింది. మొదట్లోనే రికార్డు చేసిన మనిషి గొంతు: ఎనభై ఎనిమిది, మార్చి నెల, రాఘవమ్మ పెట్టిన శోకాలు. రాఘవమ్మ మొగుడు అంకమ్మరావు పత్తిచేలో పాము కరిచి పోయింది ఆ ఏడు వినాయక చవితి ముందు, అంటే టేపు తర్వాత ఆరు నెలలకు. ఊళ్లో పెద్దవాళ్లు ఎవరూ మర్చిపోలేదు. అక్కడితో అఖిల ఫోన్ ఆపేసింది గానీ, గోడ అవతల అప్పటికే విన్నారు.

అఖిల సంస్థకు రాసింది. పొరపాటు దిద్దుకుంటాం, ఆమెకు ఇష్టం లేకపోతే టేపే తీసేస్తాం, అడిగి చెప్పమ్మా అని వాళ్ల జవాబు. అడిగితే రాఘవమ్మ చూద్దాంలే అని కల్లానికి పోయింది.

మర్నాడు వెంకటేశ్వరమ్మ బస్సు దిగి నేరుగా కల్లంలోకి వచ్చింది. రాఘవమ్మ మిరపకాయల రాశి ముందు కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది.

"నిక్షేపంలాంటి మనిషికి ఏడుస్తావా వదినా? నోట్లో శని పెట్టుకుని?"

"కూర్చో. ఎండన పడి వచ్చావు."

"కూర్చోవటానికి రాలేదు. మా అన్నను వాకిట్లో పడుకోబెడితే నోరు విప్పావా? రాయల్లే కూర్చున్నావు. ఊరంతా అనుకుంది. ముందే ఏడ్చేశావని మాకేం తెలుసు! ఏడ్చావు గనకే పోయాడు."

 ఆ మాట రాఘవమ్మకు కొత్త కాదు. ఇన్నేళ్లూ తనలో తాను అనుకుంటూనే ఉంది. పైకి వినటం మాత్రం ఇదే మొదలు.

"తీసెయ్యమని చెప్పవే పిల్లా, ఇప్పుడే," అంది వెంకటేశ్వరమ్మ.

"మొత్తం వినిపించు," అంది రాఘవమ్మ.

అఖిల ఫోన్ గోతం మీద పెట్టింది. వయసులో ఉన్న రాఘవమ్మ గొంతు రాగం తీసింది: నాగలి గోడకు ఆనించి ఎటు పోయావయ్యా, ఎడ్లు నీ అదిలింపు కోసం చూస్తున్నాయయ్యా. మిరప ఘాటుకు రికార్డు చేసేవాడు తుమ్మాడు. రాగం ఇంకా పైకి పోయింది. అప్పుడొక మగగొంతు పగలబడి నవ్వింది.

"ఇంకాస్త గట్టిగా ఏడవ్వే! పొదిల్లో మా చెల్లికి వినపడొద్దా?"

మళ్లీ నవ్వు. టేపు అయిపోయింది.

వెంకటేశ్వరమ్మ అక్కడే కూలబడింది.

"అన్నే," అంది. "మా అన్నే. మళ్లీ పెట్టు."

అఖిల పెట్టింది. మళ్లీ పెట్టమంది, పెట్టింది.

"టేపు పట్టుకొచ్చినాయన చావింటి ఏడుపు కావాలన్నాడు," అంది రాఘవమ్మ, కాయలు ఏరుతూనే. "నేను చెయ్యనన్నా. మీ అన్నే పట్టుబట్టాడు. నేను పోయాక ఎట్టాగూ ఏడుస్తావు, నేను వినొద్దా అన్నాడు. ఎదురుగా మంచమేసుకుని కూర్చున్నాడు."

వెంకటేశ్వరమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి అఖిల వైపు జరిగింది.

"అమ్మాయ్, వాళ్లకు చెప్పు. అన్న మాట్లాడిన ముక్క ఉంచి, ముందున్న ఆ ఏడుపు మటుకు తీసెయ్యమను. అపశకునం."

అఖిల నాయనమ్మ వైపు చూసింది.

రాఘవమ్మ చేతిలో తాలుకాయ పక్కకు విసిరేసింది.

"నా ఏడుపు తీసేస్తే మీ అన్న దేనికి నవ్వుతున్నట్టు?"