వత్తి కత్తెర

తాడు వదులు చేసి, కొవ్వొత్తుల చక్రాన్ని నడుం ఎత్తుకు దించుకున్నాడు ఒబదయా ట్రిగ్. ఒక్కో కొవ్వొత్తి అడుగున కారి గడ్డకట్టిన కొవ్వును బొటనవేలి గోటితో గీరి డబ్బాలో వేసుకున్నాడు. ఆ గోరు పసుపుపచ్చగా మందమైపోయింది. కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి; మళ్ళీ మొలవడం దండగనుకున్నాయో ఏమో, రాలేదు. అరవై దాటిన మనిషి. దగ్గరకు వస్తున్నాడంటే ముందు గొర్రెకొవ్వు వాసన, తరవాత దగ్గు, ఆ తరవాత ట్రిగ్.

లండన్‌లో నాటకాలాడటానికి రాజుగారి సన్నదు ఉన్నవి రెండే కంపెనీలు. మాది అందులో ఒకటి. నటులంతా రాజుగారి నౌకర్ల కింద లెక్క. ప్రమాణం చేయించి, అంగీకి ఎర్ర ఉన్నిబట్ట ఇస్తారు. దీపాలవాడికి ప్రమాణమూ లేదు, బట్టా లేదు. మొదటి ఏడు సిసిలీ వార్బెక్ తన అంగీ కుట్టించుకోగా మిగిలిన జానెడు ముక్కను ట్రిగ్‌కు ఇచ్చింది. ఆడవేషం ఆడదే కట్టవచ్చని రాజుగారు ఒప్పుకున్న కొత్త రోజులవి. మొదటిసారి వేదికెక్కిన ఆ పిల్ల గజగజ వణుకుతుంటే, పక్కనే వత్తి కత్తిరిస్తున్న ట్రిగ్ పెదవి కదలకుండా, "నా వైపు చూడమ్మా, వాళ్ళ వైపు చూడకు" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ గుడ్డతోనే కత్తెర తుడుచుకుంటున్నాడు. అది ఎప్పుడో నల్లబడిపోయింది.

వత్తి కత్తిరించడంలో ఏముంది అనకండి. నాటకం సాగుతుండగానే వత్తి పొడుగై పొగ చిమ్ముతుంది. దీపాలవాడు కత్తిపోట్లు తిన్నవాళ్ళ పక్కనుంచీ, కౌగిలించుకున్నవాళ్ళ పక్కనుంచీ నడిచి వెళ్ళి కొన కత్తిరించి రావాలి. నటులు అతన్ని చూడనట్టే ఆడాలి. జనం మాత్రం అతన్నే చూస్తారు. గోరంత ఎక్కువ తెగిందా, దీపం ఆరిపోతుంది. కింది బల్లల మీది కుర్రకారు రంకెలేసి నారింజ తొక్కలు విసురుతారు. ట్రిగ్ మీద ఇంతవరకు ఒక్క తొక్క పడలేదు.

ఇవాళ మా నాటకశాలలో ఆఖరి ఆట. రెండు కంపెనీలూ ఒకటై రేపటి నుంచి అవతలివాళ్ళ చోట ఆడతాయి. ఒకే పనికి ఇద్దరున్న చోట ఒకరే మిగులుతారు. ఎవరన్నది తేల్చడానికి అవతలి యజమాని హార్‌గ్రేవ్ ఆటకు వస్తున్నాడు.

ప్రాంప్టర్ ఫిన్‌మోర్ రొట్టె, జున్ను నములుతూ వచ్చాడు. "నీకేం ఢోకా లేదురా ట్రిగ్. వాళ్ళ దీపాలవాడు వారానికి రెండు ఆర్పుతాడట. మీవాడు ఇన్నేళ్ళలో ఒక్కటీ ఆర్పలేదటగా అని ఆయనే అడిగాడు నన్ను."

"మరి సిసిలీ అమ్మ?"

ఫిన్‌మోర్ నమలడం ఆపాడు. "మాటలు మరిచిపోతోందని ఎవడో చెవిన వేశాడు. ఇవాళ ఒక్కచోట తడబడితే చాలు, తీసేస్తాడు. వాళ్ళ దగ్గర పడుచుది ఉందిగా."

ట్రిగ్ చక్రాన్ని పైకి లాగి తాడు ముడివేశాడు. భార్య మార్జెరీ ప్లేగు ఏట పోయింది. పిల్లల్లేరు. చలికాలం అతని ఒంటికి వెచ్చగా తగిలేవి ఈ దీపాలే.

మూడింటికి ఆట మొదలైంది. నాలుగు అంకాలు సాఫీగా నడిచాయి. ఐదో అంకంలో రాణి విషపు గిన్నె ఎత్తి కొడుకును శపించాలి. సిసిలీ గిన్నె ఎత్తింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

మొదట జనం అదీ నటనే అనుకున్నారు. ఫిన్‌మోర్ ఎడమ పక్కనుంచి మాట అందించాడు. ఆమెకు చేరలేదు. ఆమె ఎడమ చెవి వినపడటం మానేసి ఏడాదైందని ట్రిగ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. బల్లల మీద ఎవడో కిసుక్కున నవ్వాడు. బాక్సులో హార్‌గ్రేవ్ ముందుకు వంగాడు.

ట్రిగ్ కత్తెర పట్టుకుని బయలుదేరాడు. అక్కడ ఏ వత్తీ పొగ చిమ్మడం లేదు. రాణికి కుడివైపు దీపస్తంభం మీది కొవ్వొత్తి నిమ్మళంగా వెలుగుతోంది. అతను దాన్ని ఒక్క క్షణం చూశాడు. కత్తెరను మొదలంటా దించి నొక్కాడు.

దీపం ఆరిపోయింది.

"కళ్ళు పోయాయా ముసలాడా!"

"ఇంటికెళ్ళి పడుకో తాతా, మేం వెలిగించుకుంటాం!"

తొక్కలు వచ్చి పడ్డాయి. ఒకటి చెంపకు తగిలింది. ట్రిగ్ తడుముకుంటున్నట్టు ఆమె కుడిచెవి దాకా వంగాడు. "నా వైపు చూడమ్మా, వాళ్ళ వైపు చూడకు. 'ఈ గిన్నె నీ పేర తాగుతున్నాను కొడుకా'... అక్కణ్ణుంచి అందుకో."

గోల అణిగేసరికి సిసిలీ గొంతు లేచింది. ఆ తరవాత ఒక్క మాట తప్పలేదు. తొక్కలు విసిరినవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు.

ఆట అయ్యాక హార్‌గ్రేవ్ వేదిక మీదే నిలబడి పేర్లు చదివాడు. సిసిలీ పేరు మూడోది. ట్రిగ్ పేరు లేదు.

"నీ గురించి చాలా విన్నానయ్యా. పెద్దవాడివైపోయావు, ఏం చేస్తాం" అన్నాడు. చెడ్డమనిషేం కాదు.

సిసిలీ ముందుకు వచ్చింది. "అయ్యా, అది తనంతట ఆరలేదు..."

"చెయ్యి వణికింది దొరా. ఈమధ్య తరచూ వణుకుతోంది" అని అడ్డుపడ్డాడు ట్రిగ్. రాయిలా కదలకుండా ఉన్న ఆ చేతిని హార్‌గ్రేవ్ చూడనేలేదు.

తెర చాటున ఆమె అతని మణికట్టు పట్టుకుంది. "ఎందుకయ్యా ఇంత పని చేశావు?"

"ఇన్నేళ్ళూ అందరి మీదా పడుతుంటే చూశాను. నారింజ తొక్క ఎలా తగులుతుందో నాకూ తెలియొద్దూ?"

"నీ మొహం!" అంది. నవ్వబోయి ఏడ్చేసింది.

అతను వెనక తలుపు తీసుకుని సందులోకి వెళ్ళాడు. మలుపు దాకా దగ్గు వినిపించింది. ఆ మనిషిని మాలో ఎవరమూ మళ్ళీ చూడలేదు. పిలిచి ఆపనందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మర్నాడు తెరలూ దుస్తులూ బండికెక్కిస్తుంటే తలుపు పక్క మేకుకు కత్తెర కనిపించింది. దాని పిడికి ముడివేసిన గుడ్డముక్క మడతలో, మసి అంటని చోట, వేలెడు మేర ఇంకా ఎర్రగానే ఉంది.