అంచులో పేరున్న కండువా

ఆ సాయంత్రం ఉమామహేశ్వరకు చేతిలోని మైకు కంటే చంకలోని సంచి మీదే ధ్యాస ఎక్కువగా ఉంది. సంచిలో ఒక కండువా ఉంది. నేసింది తనే, తన కోసమే. ఎర్ర అంచులో పసుపు పోగులతో తన పేరు కూడా నేసుకున్నాడు. అమ్మానాన్నలు అంత పొడుగు పేరు పెట్టినందుకు పోగులు ఎత్తీ ఎత్తీ వేళ్లు నొప్పి పుట్టాయి గానీ, ఒక్క అక్షరం తగ్గించడానికి మనసొప్పలేదు.

ఉగాదికి ముందు కన్నడ సీమ నుంచి శ్రీశైలానికి నడిచిపోయే భక్తులు ఎమ్మిగనూరు దాటాక వీళ్ల ఊరి మీదుగానే వెళ్తారు. వాళ్ల కోసం రోడ్డు పక్కన షామియానా వేసి, అన్నం పెట్టి, బొబ్బలెక్కిన కాళ్లకు నూనె రాసే పని ఊరి సేవా సంఘానిది. ఎవరికి చేతనైంది వాళ్లు చేస్తారు. ఉమామహేశ్వరకు చేతనైంది మాట్లాడటం. "భక్తులారా, కుడి పక్క మజ్జిగ ఉండాది" అని పొద్దస్తమానం మైకులో చెప్పేవాడు. మజ్జిగ కుడి పక్కన ఉన్నట్టు కళ్లున్న ప్రతివాడికీ కనబడుతూనే ఉండేది. అయినా తన గొంతు లేకపోతే ఎవరికీ మల్లన్న దర్శనం దక్కదన్నట్టే అరిచేవాడు.

ఈ ఏడు పండగ వెళ్లాక, సేవ చేసిన వాళ్లందరికీ సన్మానం చేద్దామని సంఘం పెద్ద రామలింగప్ప అన్నాడు. "కండువాలు నేను నేసిస్తా, దుడ్లు వద్దు" అని ఉమామహేశ్వర ముందుకు దూకాడు. ఊరికే దూకలేదు. అందరికీ కప్పాక ఎవరో ఒకరు "మరి నీకేదప్పా?" అనక తప్పదు. తను సిగ్గుపడుతూ వద్దంటాడు. వాళ్లు వినరు. అప్పుడు సంచిలోంచి అనుకోకుండా ఒకటి బయటపడుతుంది. అనుకోకుండా బయటపడిన కండువా మీద పేరెందుకుందని ఎవరైనా అడుగుతారేమోనన్న సంగతి అతని బుర్రకు తట్టలేదు. భార్య శివలీలకు తట్టింది.

"సిగ్గుండల్ల మనిషికి," అంది మగ్గం పక్కన నిలబడి.

సన్మానం రోజు వంట చేసినవాళ్లు, వడ్డించినవాళ్లు, నూనె రాసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కండువా కప్పించుకుని దిగారు. ప్రతి పేరూ ఉమామహేశ్వరే గొంతు సాగదీసి పిలిచాడు. ఆఖరి కండువా కూడా అయిపోయింది. అతను రామలింగప్ప వైపు చూశాడు. రామలింగప్ప బూందీ పొట్లాల వైపు చూశాడు. అతను దగ్గాడు. ఆ దగ్గు మైకులో ఊరంతా వినబడింది.

"నీళ్లు తాగప్పా," అన్నారెవరో.

అంతలో వెనక నుంచి ఒక కేక. "ఈరక్కను మరిచిపోతిరి గదప్పా!"

ఈరక్క రోజుకూలికి పోయే మనిషి. భక్తులు నడిచినన్నాళ్లూ కూలి మానుకుని షామియానా వెనక, కుళాయి దగ్గర కూర్చుని అన్నం గంగాళాలన్నీ తోమింది. మైకు దగ్గర నుంచి చూస్తే ఆ చోటు కనబడదు. ఉమామహేశ్వర లెక్క వేసుకున్నది మైకు దగ్గర నుంచి కనబడిన వాళ్లనే. జనం ఆమెను ముందుకు తోశారు. చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కప్పడానికి ఏమీ లేదు. రామలింగప్ప ఇప్పుడు చూశాడు అతని వైపు.

లేదని చెప్పొచ్చు. రేపు నేసిస్తానని కూడా చెప్పొచ్చు. ఉమామహేశ్వర సంచిని ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"లేకుంటే ఏమాయలేప్పా, నాకెందుకు," అంటూ ఈరక్క వెనక్కి తిరగబోయింది.

ఆ మాట వినగానే ఉమామహేశ్వర సంచి తెరిచి, కండువా తీసి, తనే ఆమె భుజాల మీద కప్పాడు.

ఈరక్క అంచు తడిమి మురిసిపోయింది. ఆమెకు చదువు రాదు. "ఏందో రాసినావే! నా పేరా?"

ముందు వరుసలో చదువొచ్చిన వాళ్లంతా మెడలు సాచారు. "అవునక్కా" అంటే గండం గడిచేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"కాదక్కా, నా పేరు. నా కోసరం నేసుకున్న్యా. నిన్ను లెక్కలోనే ఏసుకోలేదు."

నోటి దగ్గర మైకు ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. జనం విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా శివలీల నవ్వింది.

"అన్ని దినాలూ నీ అరుపులు ఇనలేక సస్తి," అంది ఈరక్క. "ఇప్పుడు నీ పేరు నా మెడలో ఏసినావా?"

"తీసెయ్యక్కా, ఇంకోటి నేసిస్తా."

"ఎందుకు తీయల్ల? శానా బాగుండాది." కండువా బిగించి కప్పుకుంది. "ఈ పొద్దు వండిన గంగాళాలు ఇంకా అట్లే ఉండాయి. ఈ పేరున్న ఆయప్పను తోమను రమ్మను."

ఉమామహేశ్వర మైకు కింద పెట్టి వెళ్లాడు. బూడిదా కొబ్బరిపీచూ తీసుకుని కుళాయి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మొదటి గంగాళానికే నడుము పట్టేసింది. సిగ్గు తగ్గలేదు గానీ మనసు కాస్త తేలికైంది. ఎదురుగా రాయి మీద ఈరక్క కాళ్లు చాపుకుని బూందీ తింటోంది.

పొట్లాలు పంచుతూ వచ్చిన రామలింగప్ప ఆగి, ఆమె భుజం మీది అక్షరాలు చదివాడు. "ఏం ఉమామహేశ్వరప్పా, ఇంకొంచెం బూందీ పెట్టేదా?"

"పెట్టు," అంది ఈరక్క.

సన్మానసభలో తన పేరు ఇంకొకరి నోట వినాలని పొద్దుటి నుంచీ కాచుకున్న మనిషి, గంగాళంలోంచి తల ఎత్తలేదు. అడుగున మాడింది ఇంకా వదల్లేదు.