ఊదని బూరలు

స్కూలు బ్యాండులో బూర ఊదేవాళ్ళు ఇద్దరే. ఒకడు బక్కోడు, ఇంకొకడు గుండు, చిన్నప్పుడెప్పుడో తల గొరిగిస్తే అతుక్కుపోయిన పేరు అది. పదహారేళ్ళ బక్కోడికి రక్తంలో క్యాన్సరు ఉందని తేలిన నాటినుంచి ఈ రెండు పేర్లూ తలకిందులయ్యాయి. మందులకు బక్కోడి మొహం ఉబ్బి గుమ్మడికాయంత అయింది, జుట్టంతా రాలి నెత్తి నున్నగా తేలింది. అసలు గుండుకేమో పిచ్చుక గూడు పెట్టేంత జుట్టు. బక్కోడు నొచ్చుకుంటాడేమోనని బ్యాండులో అందరూ వాణ్ణి గుండూ అనడం మానేసి, హాజరు పట్టీలోని పేరుతో పిలవసాగారు. వాడు పాపం పలకడం మరిచిపోయేవాడు. తన జబ్బు ముందుగా మింగింది వాడి పేరునే అని బక్కోడు లోలోపల నవ్వుకునేవాడు.

ఆ మందులకు ఇంకో గుణం ఉంది. సూది వేయించుకొచ్చాక నోరంతా పుళ్ళు లేస్తాయి. మంచినీళ్ళు మింగినా కారం పూసినట్టే. ఇక బూరను పెదాలకు నొక్కి ఊదడమంటే మాటలా? పైగా ఛాతీలో గాలి నిలవదు. బక్కోడి నాన్నది సైకిళ్ళకు పంక్చర్లు వేసే కొట్టు. అక్కడ వాషరు అరిగిన పంపు ఒకటి మూల పడి ఉంటుంది. ఎంత కొట్టినా కుస్సుమంటుంది తప్ప టైరు లేవదు. తన ఊపిరికీ దానికీ చుట్టరికం కలిసిందని బక్కోడు ఎప్పుడో తేల్చుకున్నాడు.

అయినా బూర వదల్లేదు. వదిలితే డ్రిల్లు మాస్టారు బెంచీ మీద కూర్చోబెడతారు. అప్పుడు గుండు కూడా మిగతావాళ్ళలాగే ఆదివారం పూట పళ్ళ సంచితో వచ్చి, మంచం చివర కూర్చుని, ఫ్యాను వంక కాసేపు చూసి వెళ్ళిపోతాడు. అట్లా పలకరించి పోయేవాళ్ళు బక్కోడికి ఇప్పటికే బోలెడుమంది. రోజూ సాయంత్రం పక్కన నిలబడేవాడు మాత్రం వీడొక్కడే. వీణ్ణి పోగొట్టుకోవడం కన్నా దొంగతనం నయమనుకున్నాడు.

దొంగతనమంటే పెద్దదేం కాదు. బూరను పెదాలకు ఆనీ ఆననట్టు పెట్టడం, బుగ్గలు పూరించడం, మీటల మీద వేళ్ళు ఆడించడం. బుగ్గల సంగతి మందులే చూసుకున్నాయి. పక్కన గుండు చెవులు చిల్లులు పడేట్టు ఊదుతుంటే, ఆ హోరులో గుట్టు కాస్తా దాగిపోయేది. ఒకనాడు మాస్టారు "జబ్బులో కూడా ఎంత దమ్మురా నీకు!" అని భుజం తట్టారు. బక్కోడు తేలు కుట్టిన దొంగలా తల వంచుకున్నాడు. బతికి బట్టకడితే సినిమాల్లో చేరాలని మాత్రం అనుకున్నాడు.

స్కూల్లో కొత్త గదుల ప్రారంభానికి పెద్ద ఆఫీసరు వచ్చారు. ఆయన కారు దిగి నిలబడగానే డ్రమ్ము మోగి ఆగాలి, రెండు బూరలూ స్వాగతం పాట ఊదాలి. డ్రమ్ము మోగింది, ఆగింది. ఆఫీసరు సెల్యూట్‌కు చెయ్యెత్తారు. బక్కోడు కళ్ళు మూసుకుని, బుగ్గలు పూరించి, వేళ్ళు ఆడించాడు.

చప్పుడు రాలేదు.

కళ్ళు తెరిచి పక్కకు చూస్తే, గుండు కూడా బుగ్గలు పూరించి వేళ్ళు ఆడిస్తున్నాడు. వాడూ ఇటే చూస్తున్నాడు. ఆపడానికి ఇద్దరికీ ధైర్యం చాలక పాటంతా మూగగానే వాయించారు. ఆఫీసరు చెయ్యి నుదుటి దగ్గరే ఉండిపోయింది. డ్రమ్ము కొట్టేవాడు జాలిపడి మధ్యలో రెండు దెబ్బలు వేశాడు. అది విని చిన్న తరగతుల పిల్లలు కిసుక్కుమన్నారు. ఇక ఆ నవ్వును ఆపడం ఎవరి తరమూ కాలేదు.

సామాను గది వెనక్కి చేరగానే బక్కోడే ముందు గొంతు లేపాడు. "నువ్వెందుకు ఊదలేదురా?"

ఆడలేక మద్దెల ఓడంటే ఇదేనని తనకూ తెలుసు.

"నువ్వెందుకు ఊదలేదు?" అన్నాడు గుండు.

"నేను ఊది రెండు నెలలైందిరా! నోరంతా పుళ్ళు. నువ్వున్నావు కదా అన్న ధీమా."

"రెండు నెలలా! నాతో చెప్పడానికేం రోగం?"

"ఉన్న రోగం చాలదా? చెప్తే నువ్వూ పళ్ళ సంచితో తయారవుతావు."

"నీ మొహానికి పళ్ళు కూడానా!" గుండు మొహం ఎర్రబడింది. "నా హోరులో నీది వినపడటం లేదని ఇవాళ నేను ఊరుకున్నానురా. ఒక్కసారి నీ ఒక్కడిదే విందామని. మళ్ళీ ఎప్పటికి..." అంటూ నాలుక కరుచుకున్నాడు.

ఇంట్లో అమ్మ, కొట్లో నాన్న, ఆస్పత్రిలో నర్సమ్మ, అందరూ గుంతను తప్పుకున్నట్టు చుట్టూ తిరిగిపోయే మాట అది. వీడొక్కడే అందులో కాలు వేశాడు. బక్కోడికి భయం వేయాల్సింది పోయి, నెత్తిన మూట దించినట్టయింది.

"విన్నావుగా, ఎట్లా ఉంది?" అన్నాడు.

గుండు ముక్కు తుడుచుకున్నాడు. "బ్రహ్మాండం. ఒక్క అపస్వరం లేదు."

బక్కోడు పడీపడీ నవ్వాడు. పుళ్ళు చీరుకుని కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. "నవ్వించకురా, చచ్చిపోతాను," అన్నాడు. ఆ మాటకు ఇద్దరూ బిక్కమొహం వేసి, మళ్ళీ నవ్వారు.

అంతలో మాస్టారు ఊడిపడ్డారు. "వెధవల్లారా! నా సర్వీసంతా గాల్లో కలిపారు కదరా! ఆయన వెళ్ళేటప్పుడైనా ఊదుతారా, అదీ మూగనోమేనా?"

"నేను ఊదలేను మాస్టారూ," అన్నాడు బక్కోడు. "ఇన్నాళ్ళూ ఊదలేదు కూడా. మీరు మెచ్చుకున్నది ఉత్త బుగ్గల్ని."

మాస్టారి గొంతు మెత్తబడింది. "అయ్యో, చెప్పొద్దూ? వెళ్ళి బెంచీ మీద కూర్చో నాయనా."

"వాడు కూర్చుంటే నాకు కుదరదండీ," అన్నాడు గుండు. "పాట ఎప్పుడు ఎత్తుకోవాలో నాకు తెలీదు. వాడు మోకాలితో పొడిస్తేనే మొదలుపెడతాను. వాడు లేకపోతే ముందే దూకేస్తాను."

"మొదటినుంచీనా?"

"మొదటినుంచీ."

మాస్టారు ఇద్దర్నీ ఎగాదిగా చూశారు. "ఒకడు ఊదడు, ఇంకొకడికి ఎప్పుడు ఊదాలో తెలీదు. ఇంతకాలం నేను నడిపింది బ్యాండేనా? సరే, ఇద్దరూ తగలడండి!"

ఆఫీసరు బయల్దేరే వేళకు, బూర లేకుండా బక్కోడు అందరి ముందూ గుండుకు ఎదురుగా నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఎండలో తన నెత్తి ఆఫీసరు కారుతో పోటీపడి మెరుస్తోందని తెలుస్తూనే ఉంది. డ్రమ్ము మోగి ఆగింది. మోకాలి పోటుకు బదులుగా బక్కోడు చెయ్యెత్తాడు. అది దించకముందే గుండు దూకేశాడు. బూర గాడిదలా ఓండ్రపెట్టింది.

"తొందరెందుకురా వెధవా! ఆపు! మళ్ళీ మొదలుపెట్టు!" స్కూలంతా వినేట్టు అరిచాడు బక్కోడు.

నోట్లో బూర ఉండటంతో గుండు తిరిగి తిట్టలేకపోయాడు. కళ్ళతోనే కావలసినన్ని తిట్లు తిట్టి, ఈసారి బుద్ధిగా ఆ చేతి వంక చూశాడు. బక్కోడు కావాలనే వాడి చేత అట్లా కాసేపు ఊపిరి ఉగ్గబట్టించి, అప్పుడు చెయ్యి దించాడు.