సీసాకి పట్టిన చెమ్మ

మా ఆడపడుచు కొండదారులు బాగుచేసే పనిలో ఉంది. ఎక్కిందంటే వారాల తరబడి పైనే. వీపు మీద ఏది మోసుకెళితే అదే తిండి. ఇంట్లో అందరం దాన్ని పిచ్చుక అంటాం. పిట్ట కొంచెం, కూత ఘనం. పోయినసారి కొనుక్కెళ్ళిన ఎండుకూరల పొట్లాలకి బూజు పట్టి సగంలోనే దిగివచ్చింది. ఈసారీ దిగివస్తే ఆఫీసులో కూర్చోబెడతామని పై అధికారి చెప్పేశాడట. అందుకని కూరలు ఎండబెట్టే పని నా నెత్తిన పడింది. మంచం పట్టిన అత్తయ్యని చూసుకునేది నేనే, వంటా నేనే, ఇప్పుడు ఇదొకటి. లారీ ఎక్కిన మా ఆయన ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు.

ఏది నిలవుంటుందో తెలియక మూడు రకాలుగా మొదలుపెట్టాను. టమాటాలు మేడమీద ఎండలో పరిచాను. ఎండకి ఖర్చు లేదు, నిజమే, కాపలా ఎవరు కాస్తారు? ఈగలు, దుమ్ము. మబ్బేస్తే పళ్ళేలు లోపలికి, తేలిపోతే బయటికి, మధ్యలో అత్తయ్య పిలిస్తే కిందికి. రంగు వెలిసిపోయినా బాగానే ఎండాయిగానీ నా తల ప్రాణం తోకకొచ్చింది. బీన్స్ పక్కింటి టీచరమ్మ అరువిచ్చిన ఫ్యాను మిషన్‌లో పెట్టాను. దానంత బుద్ధిమంతురాలు మా ఇంట్లో ఇంకొకరు లేరు. గుయ్‌మంటూ సన్నటి వేడిగాలి ఊదుకుంటూ దాని మానాన అది ఉంటుంది. కాకపోతే ఒక్కసారికి పట్టేది గుప్పెడు. ఇక క్యారెట్లు ఒవెన్‌లోకి. తలుపు కాస్త తెరిచి, సన్నటి సెగ మీద గంటల తరబడి ఓపిక పట్టాలి. నాకా ఓపిక ఎక్కడిది? సెగ పెంచేశాను. సాయంత్రానికల్లా ముక్కలు గలగలలాడాయి. మురిసిపోయాను కూడా.

ఎండిన ముక్కల్ని వెంటనే పొట్లం కట్టకూడదు. కొన్నాళ్ళు గాజుసీసాలో మూతపెట్టి, రోజూ కుదిపి చూడాలి. లోపల తడి మిగిలితే గాజు మీద తేలుతుంది. అత్తయ్యకి జ్వరం తగిలి నేనా సీసాల వంక చూడనేలేదు. ప్రయాణం ముందురోజు పొద్దున ఆవిడకి ఒళ్ళు తుడిచి వచ్చి చూస్తే, క్యారెట్ సీసాకి లోపలివైపు చెమ్మ పట్టి ఉంది. ఒక ముక్క విరిచాను. పైన పటారం, లోన లొటారం. పెద్ద సెగకి పైన పెంకు కట్టేసి తడి లోపలే ఉండిపోయింది.

సీసా పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ముందుగా వచ్చిన ఆలోచన మంచిది కాదు. నోరు మూసుకుంటే చాలు. బూజు పడుతుంది, పిల్ల దిగివస్తుంది, ఆఫీసులో కూర్చుంటుంది, రోజూ సాయంత్రం ఇంటికొస్తుంది. అత్తయ్యని పక్కకి తిప్పడానికి ఇంకో జత చేతులుంటాయి. ఆ చేతుల కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుపోతోందో నాకే తెలుసు. కొండ లేకపోతే ఆ పిల్ల బతకలేదనీ నాకే తెలుసు.

ముక్కలన్నీ పళ్ళెంలోకి వంపేశాను. సంచి సర్దుకుంటున్న పిచ్చుక చప్పుడు విని వచ్చింది. ఇవి పనికిరావు, నేనే తొందరపడి చెడగొట్టాను, సన్నగా తరిగి మిషన్‌లో మళ్ళీ పెట్టాలి, రేపు మానేసి ఎల్లుండి వెళ్ళమన్నాను. అది తలొంచుకుంది.

"నేను నిన్ననే చూశాను వదినా."

"చూసి?"

"అలాగే పట్టుకెళ్దామనుకున్నా. నువ్వు నిలబడే నిద్రపోతున్నావు. మళ్ళీ మొదటినుంచి చెయ్యమని ఏ మొహం పెట్టుకుని అడగను?"

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. బూజు పట్టిన తిండి తిని కొండమీద పడిపోతే మోసుకొచ్చేదెవరని కసిరాను. నా మనసులోకి వచ్చిపోయిన మాట మాత్రం దానికి చెప్పలేదు. కత్తిపీట దాని ముందుకి తోశాను.

ముక్కలు తరుగుతూ, మధ్యమధ్యలో లేచి వాళ్ళమ్మని పక్కకి తిప్పి వస్తూ, ఆ రోజంతా అది నన్ను పడుకోబెట్టి మంచం దిగనివ్వలేదు. వంటింట్లో మిషన్ గుయ్‌మంటూనే ఉంది. ముక్కలు ఎండిపోగానే ఈ పిల్ల వెళ్ళిపోతుంది. అవి కాస్త నిదానంగా ఎండితే బాగుండునని అనుకుంటూనే నిద్రపోయాను.