కత్తికి కుంకుమ

గల్ఫ్‌లో, అల్ రయ్యాన్ అనే ఊళ్లో, అబూ హమద్ గారి బంగళా వెనక, ఎప్పుడూ ఏసీ ఆడే గదిలో ఒక పాత కత్తి ఉండేది. ఎనిమిది వందల ఏళ్ల కిందట జెరూసలేం కోసం దండెత్తి వచ్చిన ఫ్రాంకుల దొర ఎవడిదో. పిడి చివర ఇత్తడితో పొదిగిన శిలువ, అలుగు మీద సగం చెరిగిన లాటిన్ అక్షరాలు. పెద్దాయన దాన్ని లండన్ వేలంలో పాడుకుని తెచ్చుకున్నారు. కాపాడే పని హైదరాబాదు మ్యూజియం నుంచి వచ్చిన రామకృష్ణారావుకు అప్పగించారు.

ఉప్పునేలలో పడి ఉండి బయటికొచ్చిన ఇనుము మహా పెంకిది. కాస్త తడి తగిలితే చాలు, లోపలి ఉప్పు తుప్పు కక్కిస్తుంది. అందుకని రావు ఏడాదిపాటు దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. తొడుగులు లేని చేత్తో ఎవరినీ ముట్టనివ్వడు, పెద్దాయన్ని కూడా. దగ్గర్లోని ముఐథర్‌లో ఉన్న తన ఇంటికి చేరినా ధ్యాసంతా దాని మీదే. భార్య అనంతలక్ష్మి దానికి సవతి అని పేరు పెట్టింది. నవ్వుతూనే పెట్టింది గానీ, ఆ నవ్వులో కాస్త నిజం ఉందని ఈ మహానుభావుడికి తట్టలేదు.

ఆ ఏడు దసరాకి ఆయనకు సెలవు దొరకలేదు. అనంతలక్ష్మి పులిహోర కట్టుకుని, పక్కింటివాళ్ల కారులో పని దగ్గరికే వచ్చింది. తిన్నాక పెద్దాయన పిలిస్తే రావు ముందు హాల్లోకి వెళ్లాడు. గదిలో ఆమె, తెరిచిన పెట్టెలో గుడ్డ కప్పిన కత్తి మిగిలారు.

ఆయుధపూజ రోజు. పుట్టింట్లో కుట్టుమిషను నుంచి రోకలి దాకా అన్నిటికీ బొట్టు పెట్టిన చెయ్యి అది. అన్నం పెడుతున్న వస్తువు ఎదురుగా ఉంటే ఊరుకుంటుందా? గుడ్డ తొలగించి, సంచిలోంచి భరిణె తీసి, కుంకుమ నీళ్లతో తడిపి, పిడి కింద చిన్న బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. గుడ్డ మళ్లీ కప్పేసింది. ఫ్రాంకుల కత్తి, అరబ్బుల ఇల్లు, మన కుంకుమ. ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు, ఆ ఇనుముకు తప్ప.

రోజూ గుడ్డ తీసి చూసి గాని పెట్టె మూయని రావు, ఆ రోజు పండగ హడావుడిలో చూడకుండానే మూసేశాడు.

మర్నాడే పెద్దాయన పాత నాణేల పని అప్పగించడంతో, వారం తర్వాత గాని పెట్టె తెరవలేదు. తెరిస్తే కుంకుమ చుట్టూ తుప్పు పొక్కు లేచి ఉంది. సూదితో తాకగానే పెచ్చు ఊడి, దాంతోపాటు ఒక అక్షరం సగం రాలిపోయింది. ఆ బొట్టు ఎవరిదో వేరే చెప్పాలా?

పెద్దాయన వచ్చి చూసి, ఎవరు ముట్టుకున్నారని మాత్రం అడిగారు. నేనే అన్నాడు రావు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కత్తిని బాగుచేయడానికి లండన్ పంపుతానని, ఆ గది తాళంచెవి ఇచ్చెయ్యమని అన్నారు. మిగతా పాత నాణేలూ కుండలూ మాత్రం రావే చూసుకోవచ్చట. ఉద్యోగం నిలిచింది, కత్తి చేజారింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. అనంతలక్ష్మి ఇప్పుడే వెళ్లి పెద్దాయనకు నిజం చెబుతానని లేచింది.

"పెట్టింది నేను కదండీ. మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"కూర్చో లక్ష్మీ. నువ్వు ఒక్కరోజు దణ్ణం పెట్టావు. నిన్ను గాలికి వదిలేసి ఏడాది పొడుగునా పూజ చేసింది నేను."

ఆమె కూర్చుంది. ఏడాదిగా నవ్వుతూ దాచుకున్నదంతా ఆ రోజు ఏడ్చింది.