తుప్పు రాల్చే ఆడవాళ్లు

గార్డెన్ రీచ్‌లో నది ఒడ్డునున్న మా షెడ్డుకి పాత పడవలు మరమ్మతుకి వస్తాయి. వాటి ఇనుప రేకులకి పట్టిన తుప్పుని సుత్తితో కొట్టి రాల్చడం మా పని. మేం ఆడవాళ్లం ఆరుగురం. పక్కనే పదిమంది మగవాళ్లు అదే తుప్పు, అదే సుత్తితో కొడతారు. మా కూలి మాత్రం వాళ్ల దాంట్లో సగం. మా గేటుపాసు మీద 'ఊడ్చే మనిషి' అని రాసి ఉంటుంది మరి.

ఒకే పనికి ఒకే కూలి అని చట్టం ఉందట. ఎప్పట్నుంచో ఉందట! ఈ ఏడాది యూనియన్ ఆఫీసులో చెబితే తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. అర్జీ నేనే పెట్టాను. నా పేరు హెప్సీ, ఈ పక్కనే వాట్‌గంజ్‌లో పుట్టి పెరిగాను, నోరున్న మనిషినని పేరు కూడా ఉంది. లేబర్ ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగితే, ఇన్‌స్పెక్టర్ వచ్చి మీ పని కళ్లారా చూసి రాసుకుంటాడన్నారు. అతను రాసినదాన్ని బట్టే కూలి. ఏ రోజు వస్తాడో చెప్పలేదు.

మా షెడ్డులో ఒక అలవాటుంది. ఆఫీసర్ ఎవరొచ్చినా దర్వాను గేటు దగ్గర్నుంచి కేకేస్తాడు. ఆడవాళ్లం సుత్తులు గోనెల కిందకి తోసి చీపుళ్లు అందుకోవాలి. సుత్తితో కనబడితే పాసు పోయినట్టే. పనిలో చేరిన మొదటి రోజే మేస్త్రీ దుర్గారావు ఇది నేర్పిస్తాడు.

మంగళవారం నేను నిచ్చెన మీదుండగా సాహెబ్ వస్తున్నాడని దర్వాను బెంగాలీలో వేసిన కేక వినబడింది. "సాహెబ్ ఆష్‌ఛే!"

ఎప్పుడు దిగానో నాకే తెలీదు. ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చేసరికి ఆరుగురం వంగి ఊడుస్తున్నాం.

కుర్రాడే, మర్యాదస్తుడు. హిందీలో అడిగాడు. "అర్జీ పెట్టింది మీరేనా దీదీ? ఏం పని చేస్తారు?"

"ఊడుస్తాను సార్," అన్నాను.

ఛీ, నా నోరే! వెంటనే నాలుక కరుచుకుని, గోనె లాగి సుత్తులు చూపించాను. "ఇదీ మా పని సార్, వీళ్లనడగండి!" అని అరిచాను. మగవాళ్లు ఒక్కరూ మాట్లాడలేదు. మాకు పెరిగితే వాళ్లకి కోస్తారని ఎవడో పుకారు పుట్టించాడు. ఆ పదిమందిలో ఉన్న నా సొంత తమ్ముడు శామ్సన్ కూడా రేకు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"నేను చూసిందే రాయాలి దీదీ. మళ్లీ అర్జీ పెట్టుకోండి," అని ఆ కుర్రాడు సంతకం చేసి వెళ్లిపోయాడు.

నాకు ఏడుపాగలేదు. మా ఆరుగురిలో పెద్దది అచ్చమ్మత్త నా పక్కన కూలబడింది.

"నాదంటే ఇరవయ్యేళ్ల బయ్యమే హెప్సీ. సట్టం తెలిసిందానివి, నీకేటొచ్చిందే?"



"ఎలిపోనాడు. సుత్తులు తియ్యండి," అన్నాడు దుర్గారావు.

ఆరుగురం తీశాం. అందరికన్నా ముందు నేనే తీశాను.