చివరి కొళాయి

జ్యోతిలక్ష్మి కాలిపోయిన మూడో రోజు పొద్దున, మేనేజరు సందీప్ నాలుగు వందల మంది ఆడవాళ్లను కంపెనీ ముందు ఎండలో నిలబెట్టి ఒక కాగితం చదివాడు. మడకశిర రోడ్డులో రేకుల షెడ్డు కింద జీన్సు ప్యాంట్లు కుట్టే కంపెనీ అది. గుడ్డల గోదాములో నిప్పు పుట్టిందని, అందరూ క్షేమంగా బయటికి వచ్చారని, జ్యోతిలక్ష్మి అనే హెల్పరు మాత్రం అన్నం క్యారియరు కోసం నిబంధనలు మీరి మళ్లీ లోపలికి వెళ్లిందని, తప్పు ఆమెదేనని అందులో ఉంది.

చదివాక ఒక స్టీలు ప్లేటు పైకెత్తి చూపించాడు. అందులో నిప్పు పడితే నీళ్లు చిమ్మే ఇత్తడి స్ప్రింక్లర్లు ఐదు, మసిపట్టి ఉన్నాయి.

"గోదాము పైకప్పుకు ఉండేవి ఇవి. వేడి తగలగానే ఐదూ తెరుచుకున్నాయి. అంటే సిస్టం బాగానే పనిచేసింది. మీరెవరూ భయపడక్కర్లేదు," అన్నాడు.

తిరుపాలమ్మ మూడో వరుసలో నిలబడి ఉంది. జ్యోతిలక్ష్మి ఆమె సొంత చెల్లెలు. ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తెలియక పనికి వచ్చింది. నిప్పు పడిన రోజు ఆమె గోదాము వాకిట్లోనే ఉంది. పైకప్పున అవి ఒక్కొక్కటే గాజులు చిట్లినట్టు పగలడం విన్నది. ప్రతిదాంట్లోంచీ ఉస్సుమని గాలి వచ్చింది. ఆ తర్వాత చెంచాడు తుప్పునీళ్లు కారాయి. అంతే. చెల్లెలు క్యారియరు కోసం పోలేదు. స్వీపరు సుబ్బలక్ష్మమ్మకు చెవుడు. ఆమె తానుల వెనక ఉండిపోయిందని చూసి పోయింది. ముసలామెను బయటికి నెట్టింది కానీ, మంటల్లో తానులు కూలి తన మీద పడ్డాయి.

"నీళ్లు రాలేదు సార్," అంది తిరుపాలమ్మ. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"మీ బాధ అర్థమవుతుందమ్మా. లోపలికి వెళ్లండి."

వెళ్లారు. ఆమె మిషను ముందు కూర్చుంది. సాయంత్రానికి ఎన్ని జేబులు కుట్టిందో సూపర్‌వైజరు లెక్కపెట్టి, రోజూ కంటే నాలుగు ఎక్కువే ఉన్నాయని ఆశ్చర్యపోయాడు. చేతులు పని చేస్తున్నాయి. అవి తనవేనని ఆమెకు అనిపించలేదు.

సాయంత్రం తిరుపాలమ్మ ఎక్కిన కంపెనీ బస్సు గేటు దాటాక, పైపుల ఫిట్టరు కుళ్లాయప్ప రోడ్డు మీద చెయ్యెత్తి బస్సు ఆపి ఎక్కాడు. ఆడవాళ్ల బస్సులో మగవాడు ఎక్కేసరికి మాటలన్నీ ఆగిపోయాయి. అతను డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక మాట చెప్పల్ల మీకు," అన్నాడు. "సారు చూపించినాడే, వాట్లో సన్నటి గాజు గొట్టం ఉంటాది, ఎర్రమందు పోసి. మంట వేడి పైకెక్కి అరవై ఎనిమిది డిగ్రీలు తగిల్తే ఆ మందు ఉబ్బి గాజు పగుల్తాది. మూతికి అడ్డముండే బిళ్ల రాలిపోతాది. పైపులో నీళ్లు ఎప్పుడూ బిగపట్టుకోని నిలబడుండల్ల. దారి దొరకతానే అవి గొడుగు విప్పినట్ల కురుస్తాయి. మంట యాడుంటే ఆడిదే పగుల్తాది, షెడ్డంతా కాదు. మనిషి పోయి తిప్పే పనే లేదు."

"మరి మాకు కురవలేదేమప్పా?" అని వెనక సీటులోంచి జయంతి అడిగింది. ఆమె కాలర్లు కుట్టే పిల్ల, మాట పదును.

"పైపు ఒట్టిది గదా. నిన్న కొత్తవి ఐదు బిగించినా. ఇప్పటికీ ఒట్టిదే."

అతను కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. బయట కోతకు రాకుండానే ఎండిన వేరుశనగ చేలు వెనక్కి పోతున్నాయి.

"ట్యాంకిలో మనిషెత్తు నీళ్లు నిప్పు కోసరమే. ప్యాంట్లు ఉతికే వాషింగుకి పోయే పైపు దానికి పైన ఉండల్ల. అప్పుడు ఎంత వాడినా కింద నీళ్లు మిగుల్తాయి. పోయిన ఎండాకాలం, కంపెనీకి నీళ్లమ్మే ఊరి ప్రెసిడెంటు రంగన్న బోర్లల్లో నీళ్లు తగ్గినాయి. ట్యాంకర్లు చాలకపాయ. వాషింగు నిలిచిపోకూడదని ఆ పైపు కిందికి దించమన్నారు. దించింది నేనే."

"నీ చేతులు పడిపోను," అంది జయంతి. అతను తల వంచుకున్నాడు.

తిరుపాలమ్మ లేచి అతని ముందుకు వచ్చింది. కొడుతుందనుకున్నారు.

"ఎంత కింద పెట్టినావన్నా?"

అతను వంగి చీలమండ దగ్గర చెయ్యి పెట్టాడు.

"ముందర యాడుండె?"

చెయ్యి తన తల పైకి ఎత్తాడు. ఆ రెండు చోట్ల మధ్య ఉన్న ఖాళీని ఆమె చాలాసేపు చూసింది. ఏడుపు వస్తుందేమోనని అందరూ ఎదురుచూశారు. రాలేదు.

"మళ్లా నిప్పు పడితే ముందుగా ఎట్ల తెలుస్తాది మాకు, నీళ్లు ఉండేది లేనిది?"

"షెడ్డు ఆ కొసన, చెత్తగుడ్డలు పడేసే మూల, గోడకి ఒక కొళాయి ఉండాది. పరీక్షకని పెట్టింది. అది తిప్పితే ఒక గాజు పగిలినట్లే లెక్క. నీళ్లు దుమకల్ల, నిమిషంలోపల గంట కొట్టల్ల."

"రేపు తిప్పుదాం," అంది తిరుపాలమ్మ.

"పనిలోంచి తీసేస్తే?" అంది ఒకామె.

"కాలిపోయేదానికంటేనా," అంది జయంతి. ఊళ్లు వచ్చేదాకా బస్సులో వాదన జరిగింది. తీసేస్తారని కొందరు, నలుగురినైతే తీస్తారు కానీ నాలుగు వందల మందిని ఎట్ల తీస్తారని కొందరు. దిగేటప్పుడు ఎవరూ వద్దనలేదు. రాత్రికి రాత్రే మిగతా బస్సుల వాళ్లకూ ఫోన్లలో మాట చేరింది.

మర్నాడు పొద్దున తిరుపాలమ్మే ఆ కొళాయి తిప్పింది. గాలి వచ్చింది. జయంతి అరవై దాకా పైకి లెక్కపెట్టింది. గంట మోగలేదు. నాలుగు వందల మంది తమ తమ మిషన్ల పక్కన నిలబడ్డారు, ఒక్కరు కూడా కూర్చోలేదు. సందీప్ మొదట కేకలేశాడు. మధ్యాహ్నానికి మెత్తబడి, ట్యాంకర్లు పిలిపించామని, సాయంత్రానికి ట్యాంకు నిండుతుందని అన్నాడు.

"నిండినాక కూర్చుంటాం సార్," అన్నారు.

ట్యాంకర్లు రాలేదు. దారిలో ఊరివాళ్లు గొర్రెలు అడ్డం తోలి ఆపేశారు. "మీకు నీళ్లు రాకుండా ఆపుతున్నది నేను కాదు, మీవాళ్లే," అన్నాడు సందీప్, దాదాపు నవ్వుతూ.

ఆడవాళ్లు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చారు. ట్యాంకరు ముందు బయ్యన్న కట్టె ఊని కూర్చున్నాడు. అరవై గొర్రెల ఆసామి, ఊళ్లో పెద్దమనిషి.

"తొమ్మిది దినాలాయ మా కొళాయికి నీళ్లొచ్చి," అన్నాడు. "తాగేకి లేక మేం సస్తాంటే, ఎప్పుడో వచ్చే మంటకని మీరు నీళ్లు నిలవ పెట్టుకుంటారా?"

అతను చెప్పింది నిజమే. తిరుపాలమ్మ అతని ముందు దుమ్ములోనే కూర్చుంది.

"పెదనాయనా, నిప్పు నీళ్లు ఎవరూ తాగరు. ఒకసారి పోస్తే ఏండ్లు అట్లనే ఉంటాయి. ఇరవై ట్యాంకర్లు, అంతే. దినామూ తాగేది వాషింగు. కొత్త ప్యాంటుని పాతదాని మాదిరి కనపడల్లని ఉతుకుతారు. దానికి పోతాండాయి దినానికి ముప్పై ట్యాంకర్లు."

"ముప్పై?"

"మేం లెక్కపెట్టినాం."

బయ్యన్న లేచాడు. "ముప్పై అయితే మా ఊరికి నెల దినాలు," అన్నాడు వెనకనున్న వాళ్లతో. అప్పుడే జీపులో వచ్చిన ప్రెసిడెంటు రంగన్న దిగకుండానే అడిగాడు: "ఏమప్పా, గొర్లోళ్లకీ మిషనోళ్లకీ పొత్తు ఎప్పుడు కలిసె?"

"నీ బోర్లే కలిపినాయి," అన్నాడు బయ్యన్న.

ఆ ఎండలో, రోడ్డు మీదే తీర్మానం అయింది. ఊరికి ఒక ట్యాంకరు, నిప్పు ట్యాంకుకు ఒక ట్యాంకరు. వాషింగుకు చుక్క లేదు. కుళ్లాయప్ప కిందికి దించిన పైపును తనే కోశాడు. రేకు పెట్టి వెల్డింగు చేసి మూశాడు. సెక్యూరిటీవాళ్లు దగ్గరికి రాకుండా ఆడవాళ్లు ట్యాంకు చుట్టూ మూడు వరుసలుగా నిలబడ్డారు. రెండో రోజు సాయంత్రానికి నీళ్లు అతని తలెత్తుకు వచ్చాయి.

చివరి కొళాయి మళ్లీ తిప్పారు. ముందు గాలి, తర్వాత ఎర్రటి తుప్పు, తర్వాత తెల్లటి ధార. ముప్పై లెక్కపెట్టేసరికి గోడ మీద గంట మోగింది. కొందరు ఏడ్చారు. సుబ్బలక్ష్మమ్మకు గంట వినబడక, అందరి ముఖాలు చూసి తెలుసుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. తిరుపాలమ్మ ఆ ధార కింద పాదం పెట్టింది. నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో ఆమెకు తెలియలేదు.

వాషింగు ఆగిన మూడో రోజు పోలీసులు వచ్చారు. కంపెనీ ఆస్తి ధ్వంసం చేశారని కుళ్లాయప్పను, రోడ్డు ఆపాడని బయ్యన్నను, వీళ్లను రెచ్చగొట్టిందని తిరుపాలమ్మను వ్యాను ఎక్కించారు. వ్యాను వెనక నాలుగు వందల మంది ఆడవాళ్లు, వాళ్ల వెనక ఊరు, స్టేషను దాకా నడిచి వచ్చి కాంపౌండు గోడ పొడవునా కూర్చున్నారు. జయంతి లోపలికి వినబడేలా చెప్పింది: "అక్కా, పొద్దున మేమే తిప్పినాం. నీళ్లు వచ్చినాయి, గంట కొట్టింది. దినామూ తిప్పినాకనే కూర్చుంటాం."

ఎస్సై కాగితాలు తీసుకుని బయటికి పోయాక, బల్ల దగ్గర రాసుకుంటున్న కానిస్టేబులు తల ఎత్తాడు. నడివయసు మనిషి.

"అక్కా, నా పెండ్లాం హిందూపురం రోడ్డులో కుట్టు కంపెనీకి పోతాది. ఆ కొళాయి అన్ని కంపెనీల్లోనూ ఉంటాదా?" అని మెల్లగా అడిగాడు.

"పైన స్ప్రింక్లర్లు ఉండేదాంట్లో ఉంటాది."

"యాడ?"

తిరుపాలమ్మ చెప్పింది. పైపు ఎక్కడ మొదలవుతుంది, ఏ గోడ వెంట పోతుంది, కొస ఎట్ల గుర్తుపట్టాలి, ఎంతసేపు లెక్కపెట్టాలి, ఉతికే పైపు ట్యాంకులో ఎంత ఎత్తున ఉండాలి. తన చెల్లెలి పేరు కూడా చెప్పింది. సందీప్ కాగితం చదివిన రోజు నుంచీ ఆ పేరు ఆమె నోటితో పలకడం అదే మొదలు. అతను కలం పక్కన పెట్టి విన్నాడు.

మర్నాడు పొద్దున హిందూపురం రోడ్డులోని ఆ కంపెనీలో ఒకామె షెడ్డు కొసకు పోయి కొళాయి తిప్పింది. గాలి వచ్చింది. ఆరు వందల మంది మిషన్ల పక్కన నిలబడ్డారు.